అమెరికా అధ్యక్షుల్లో యుద్ధానికి వెళ్ళొచ్చినవాళ్ళు ఎంతమంది? మా అబ్బాయి అడిగాడు

డాలస్_నాన్న | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా పెద్దాడికి పోయిన నెల 18 నిండాయి. ఈ వారం సెలెక్టివ్ సర్వీస్ (అవసరమైతే సైన్యంలోకి పిలవడానికి పేర్లు రాసుకునే ప్రభుత్వ శాఖ) నుంచి ఉత్తరం వచ్చింది. ఇక్కడ మగపిల్లలు 18 రాగానే పేరు నమోదు చేసుకోవాలని తెలుసు, గ్రీన్ కార్డు పిల్లలకీ అదే రూలనీ తెలుసు, 1973 తర్వాత ఎవర్నీ బలవంతంగా సైన్యంలోకి తీసుకోలేదనీ తెలుసు. అయినా ఆ కవరు మీద వాడి పేరు చూసేసరికి గుండె దడదడలాడింది. మా ఆవిడ దాన్ని తీసి ఫ్రిజ్ మీద పెట్టేసింది, మళ్ళీ ఎవరం ముట్టుకోలేదు.

రాత్రి అన్నం తింటూ వాడే ఎత్తాడు. "నాన్నా, నన్ను యుద్ధానికి పంపేది ప్రెసిడెంటే కదా, మరి ఆ ప్రెసిడెంట్లలో ఎంతమంది యుద్ధానికి వెళ్ళొచ్చారు?" అని. వాషింగ్టన్, ఐసెన్‌హోవర్, కెనెడీ అని మూడు పేర్లు చెప్పి ఆగిపోయాను. చరిత్ర తెలిసినవాళ్ళు కాస్త సాయం చేయండి. వాడికి పేర్ల లిస్టు అక్కర్లేదు, అది ఫోన్‌లో దొరుకుతుంది. వెళ్ళొచ్చినవాడు ఆ కుర్చీలో కూర్చుంటే ఏమైనా తేడా ఉంటుందా అన్నదే వాడి ప్రశ్న.

పాత_పేజీలు | శనివారం, రాత్రి 10:25

మంచి ప్రశ్న అడిగాడండీ. ముందు లెక్క చెప్తాను. ఇప్పటిదాకా అధ్యక్షులైన మనుషులు 45 మంది. క్లీవ్‌లాండ్, ట్రంప్ మధ్యలో ఖాళీ ఇచ్చి రెండోసారి వచ్చారు కాబట్టి నంబరు 47కి చేరింది. ఈ 45 మందిలో దాదాపు ముప్పై మంది ఏదో ఒక రకంగా యూనిఫాం వేసుకున్నవాళ్ళే. కానీ ఆ "ఏదో ఒక రకంగా"లో చాలా తేడాలున్నాయి. నలభై ఏళ్ళు సైన్యంలోనే బతికి, 1848 దాకా ఒక్కసారి కూడా ఓటు వేయని జాకరీ టేలర్ ఈ లెక్కలో ఉంటాడు, 1832లో బ్లాక్ హాక్ యుద్ధమప్పుడు మూడు నెలలు వాలంటీరుగా తిరిగి పోరాటమనేదే చూడకుండా ఇంటికొచ్చిన లింకన్ కూడా ఉంటాడు. లింకనే తర్వాత కాంగ్రెస్‌లో (ఇక్కడి పార్లమెంటు) మాట్లాడుతూ తాను పోరాడింది దోమలతోనని చెప్పుకున్నాడు.

ఒక్కో తరంలో ఒక్కో యుద్ధం అధ్యక్షుల్ని తయారుచేసింది. అంతర్యుద్ధం తర్వాత చూడండి, గ్రాంట్, హేస్, గార్‌ఫీల్డ్, ఆర్థర్, బెంజమిన్ హారిసన్, మెకిన్లీ. 1869 నుంచి 1901 దాకా గద్దెనెక్కినవాళ్ళలో క్లీవ్‌లాండ్ ఒక్కడే సైన్యంలో లేనివాడు. హేస్, మెకిన్లీ అయితే ఒకే రెజిమెంట్, 23వ ఒహాయో. మళ్ళీ 1945లో ట్రూమన్ దగ్గర మొదలుపెట్టి 1993లో పెద్ద బుష్ దిగిపోయేదాకా వరసగా తొమ్మిది మంది, ఒక్కరు కూడా తప్పకుండా, యూనిఫాం వేసుకున్నవాళ్ళే. ఆ తర్వాత తాడు తెగింది. చిన్న బుష్ టెక్సస్ ఎయిర్ నేషనల్ గార్డ్‌లో విమానాలు నడిపాడు గానీ వియత్నాం వెళ్ళలేదు. క్లింటన్, ఒబామా, ట్రంప్, బైడెన్ సైన్యంలో లేరు. వియత్నాంలో పోరాడి వచ్చినవాడు ఒక్కడు కూడా అధ్యక్షుడు కాలేదు.

కృష్ణలంక_కుర్రోడు | శనివారం, రాత్రి 10:50

వియత్నాం వాళ్ళు పోటీ చేయలేదా అన్నా, లేక జనం వద్దన్నారా?

పాత_పేజీలు | శనివారం, రాత్రి 11:05

పోటీ చేశారు తమ్ముడూ, ఓడిపోయారు. 2000లో అల్ గోర్ (వియత్నాంలో సైన్యం తరఫున వార్తలు రాసేవాడు), 2004లో జాన్ కెర్రీ, 2008లో మెకెయిన్. మెకెయిన్ ఐదున్నరేళ్ళు హనోయిలో ఖైదీగా ఉండి వచ్చిన మనిషి. అంతకుముందు రెండో ప్రపంచ యుద్ధంలో చెయ్యి దాదాపు పోగొట్టుకున్న బాబ్ డోల్ 1996లో క్లింటన్ చేతిలో ఓడాడు, 35 సార్లు బాంబర్ విమానం నడిపిన మెక్‌గవర్న్ 1972లో చిత్తుగా ఓడాడు. పతకాలు చూసి ఓటేసే రోజులు ఎప్పుడో పోయాయి.

మాధవరం_మనవడు | ఆదివారం, ఉదయం 6:15

మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలటరీ మాధవరం అంటే మన జిల్లాలో తెలియనివాళ్ళుండరు. మా తాత రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళొచ్చాడు, మా నాన్న, ఇద్దరు బాబాయిలు సైన్యంలోనే పనిచేశారు. కాబట్టి అబ్బాయి అడిగిన రెండో ప్రశ్నకి నాకు తోచింది చెప్తాను, తేడా ఉంటుంది. అది ఉపన్యాసాల్లో కనపడేది కాదు. మా తాత యుద్ధం గురించి ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు. కానీ పండక్కి అందరం పంక్తిలో కూర్చుంటే ఆ చివర నుంచి ఈ చివర దాకా మనుషుల్ని లెక్కపెట్టుకుంటే తప్ప అన్నం కలిపేవాడు కాదు. ఒకడు పెరట్లో ఉన్నాడంటే వాడు వచ్చేదాకా విస్తరి ముందు అలాగే కూర్చునేవాడు. చిన్నప్పుడు మాకు ఆకలేసి విసుక్కునేవాళ్ళం.

పెద్ద బుష్ గురించి చదివినప్పుడు నాకు మా తాతే కళ్ళముందు మెదిలాడు. 18వ పుట్టినరోజు నాడే, అంటే 1942 జూన్ 12న, నేవీలో చేరాడు. సరిగ్గా మీవాడి వయసు. 1944 సెప్టెంబరు 2న చిచిజిమా దీవి మీద బాంబులు వేస్తుంటే విమానానికి దెబ్బ తగిలింది. ఆయన పారాచూట్‌తో సముద్రంలో పడితే ఫిన్‌బ్యాక్ అనే జలాంతర్గామి వచ్చి ఎక్కించుకుంది. విమానంలో ఉన్న మిగతా ఇద్దరూ, డెలానీ, వైట్, తిరిగి రాలేదు. వాళ్ళని కాపాడటానికి ఇంకేమైనా చేసి ఉండాల్సిందా అని ఆ మనిషి ముసలితనం దాకా తలుచుకుంటూనే ఉన్నాడు. అదే మనిషి 1991లో కువైట్ నుంచి ఇరాక్ సైన్యాన్ని తరిమాక నేల మీద యుద్ధాన్ని 100 గంటల్లో ఆపించాడు. బాగ్దాద్ దాకా పోనక్కర్లేదన్నాడు. అప్పుడు చాలామంది తిట్టారు.

సీతంపేట_లక్ష్మి | ఆదివారం, ఉదయం 8:30

మాధవరం గారూ, మీ తాతగారి సంగతి చదివి కళ్ళు చెమర్చాయి. కానీ మీ లెక్కతో నేను పూర్తిగా ఒప్పుకోలేను, ఏమీ అనుకోకండి.

ముందుగా డాలస్ గారూ, బాబుకి ఒక చిన్న సవరణ చెప్పండి. ప్రెసిడెంట్ సర్వసైన్యాధ్యక్షుడే గానీ, మళ్ళీ డ్రాఫ్ట్ (బలవంతపు సైనిక భర్తీ) పెట్టాలంటే కాంగ్రెస్ చట్టం చేయాల్సిందే, ఆయన ఒక్కడి వల్ల అయ్యేది కాదు. మీ ఆవిడ గారికి కూడా చెప్పండి, కాస్త టెన్షన్ తగ్గుతుంది.

ఇక అసలు విషయం. ఈ దేశాన్ని అంతర్యుద్ధంలో నడిపించిన లింకన్‌కీ, రెండో ప్రపంచ యుద్ధంలో నడిపించిన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కీ యుద్ధానుభవం లేదు. లింకన్ సంగతి పైన చెప్పారు. ఆయన లైబ్రరీ నుంచి యుద్ధతంత్రం పుస్తకాలు తెచ్చుకుని చదివాడు, పనికిరాని జనరల్స్‌ని ఒకరి తర్వాత ఒకర్ని మార్చుకుంటూ గ్రాంట్ దాకా వచ్చాడు. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ యూనిఫాం వేసుకోలేదు, నేవీలో అసిస్టెంట్ సెక్రటరీగా ఏడేళ్ళు ఆఫీసులో చేశాడు, అంతే. కానీ ఆయన నలుగురు కొడుకులూ రెండో ప్రపంచ యుద్ధంలో ఉన్నారు. నాకు ఇదే ముఖ్యం అనిపిస్తుంది. పంపేవాడు ఎప్పుడో వెళ్ళొచ్చాడా అని కాదు, ఇప్పుడు వాళ్ళింటి పిల్లలు కూడా వెళ్తున్నారా అని చూడాలి.

సబ్‌మెరైన్_సత్యం | ఆదివారం, ఉదయం 9:10

నేవీ మాట వచ్చింది కాబట్టి నేనూ వస్తున్నాను, విశాఖలో రిటైరయ్యాను. కెనెడీ కథ చాలామంది సగమే చెప్తారు.

1943 ఆగస్టు 2 తెల్లవారుజామున, సోలమన్ దీవుల దగ్గర, కటిక చీకట్లో జపాన్ డిస్ట్రాయర్ అమగిరి వచ్చి ఆయన పీటీ-109 అనే చెక్క పడవని రెండు ముక్కలు చేసింది. ఇద్దరు అక్కడికక్కడే పోయారు, 11 మంది మిగిలారు. వేగంగా పోయే చిన్న పడవని అంత పెద్ద ఓడ వచ్చి గుద్దేదాకా ఎందుకు కదలలేదు అన్నది నావికుడన్నవాడు ఎవడైనా అడిగే ప్రశ్నే, నేనూ అడుగుతాను. కానీ ఆ తర్వాత ఆయన చేసింది చూడండి. మెక్‌మాన్ అనే ఇంజన్ మనిషికి ఒళ్ళంతా కాలిపోయింది, ఈత కొట్టలేడు. కెనెడీ అతని లైఫ్ జాకెట్ పట్టీని పళ్ళతో కరిచి పట్టుకుని, నడుం నొప్పి ఉన్న మనిషి, దాదాపు నాలుగు గంటలు ఈదుకుంటూ దీవికి చేర్చాడు. ఉప్పునీళ్ళు మింగుతూ, నోరు తెరవడానికి లేకుండా నాలుగు గంటలు. సముద్రంలో పదిహేను నిమిషాలు ఒక మనిషిని లాగినవాడికి తెలుస్తుంది అదెంత పనో. చివరికి వాళ్ళని కాపాడింది ఇద్దరు దీవి కుర్రాళ్ళు, బియుకు గాసా, ఎరోని కుమానా. కొబ్బరికాయ మీద చెక్కిన కబురు తీసుకుని వాళ్ళే ప్రాణాలకి తెగించి తెడ్డు వేసుకుంటూ పోయారు. ఆ కొబ్బరి చిప్ప తర్వాత వైట్‌హౌస్‌లో ఆయన బల్ల మీద ఉండేది.

1962 అక్టోబరులో క్యూబాలో సోవియట్ క్షిపణులు బయటపడ్డప్పుడు ఆ దేశం మీద వెంటనే బాంబులు వేద్దాం, దిగిపోదాం అని పెద్ద జనరల్స్ అందరూ ఒత్తిడి పెడితే వినకుండా దిగ్బంధంతో సరిపెట్టాడు. పైవాళ్ళు వేసే ప్లాన్లు నీళ్ళమీద ఎలా తలకిందులవుతాయో ఆయన కళ్ళారా చూశాడు కాబట్టే జనరల్స్ ముందు తల వంచలేదని నా నమ్మకం.

ఫోర్డ్ గురించి కూడా ఒక మాట. 1944 డిసెంబరు తుపానులో మాంటెరీ అనే విమానవాహక నౌక మీద నుంచి జారి సముద్రంలో పడబోయి, డెక్ అంచున ఉన్న సన్నటి ఇనుప గట్టుకి కాళ్ళు తగిలి ఆగాడు. ఆ తుపానులో మూడు డిస్ట్రాయర్లు మునిగి దాదాపు 800 మంది పోయారు. ఇక కార్టర్, అణు జలాంతర్గాముల శాఖలో పనిచేసినవాడు. 1952లో కెనడాలో చాక్ రివర్ రియాక్టర్ పాడైతే విప్పడానికి వెళ్ళిన టీములో ఉన్నాడు. రేడియేషన్ వల్ల ఒక్కొక్కరూ లోపల ఉండగలిగింది నిమిషంన్నరే. లోపలికి పోయి ఒకటి రెండు మరలు విప్పి పైకి రావడం, తర్వాతివాడు దిగడం. బయట టెన్నిస్ కోర్టులో నమూనా పెట్టుకుని ముందే ప్రాక్టీసు చేశారు. 1979లో త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగితే నాలుగు రోజులకే స్వయంగా లోపలికి వెళ్ళి నిలబడ్డాడు ఆయన.

కృష్ణలంక_కుర్రోడు | ఆదివారం, ఉదయం 9:45

సార్, కార్టర్ సంగతి నాకు అస్సలు తెలీదు. ఒళ్ళు గగుర్పొడిచింది.

మరి పైన అన్న క్లీవ్‌లాండ్ ఎందుకు వెళ్ళలేదు? భయపడ్డాడా?

పాత_పేజీలు | ఆదివారం, ఉదయం 10:30

క్లీవ్‌లాండ్ తన బదులు మనిషిని పెట్టాడు. 1863లో డ్రాఫ్ట్ చట్టం వచ్చింది, అందులో 300 డాలర్లు కట్టేస్తే పోనక్కర్లేదు, లేదా నీ బదులు ఇంకొకర్ని పంపొచ్చు. క్లీవ్‌లాండ్ 150 డాలర్లిచ్చి పోలండ్ నుంచి వలస వచ్చిన ఒకతన్ని పంపాడు. చట్టం ఒప్పుకున్న పనే. తండ్రి లేడు, ఇద్దరు అన్నదమ్ములు అప్పటికే సైన్యంలో ఉన్నారు, తల్లినీ చెల్లెళ్ళనీ చూసుకోవాల్సింది తనే. 1884లో ఆయన మీద పోటీ చేసిన బ్లేన్ కూడా అలాగే మనిషిని పెట్టినవాడే.

సీతంపేట_లక్ష్మి | ఆదివారం, ఉదయం 10:48

తల్లిని చూసుకోవాల్సింది ఆ పోలండ్ అబ్బాయికి మాత్రం ఉండదా? అతనిదీ ఒక ప్రాణమే కదండీ. వియత్నాం నాడూ అదే కదా జరిగింది, రూపం మారింది అంతే. కాలేజీలో ఉంటే వాయిదా, డాక్టరు చీటీ ఉంటే మినహాయింపు. ట్రంప్‌కి నాలుగు వాయిదాలు చదువు మీద, తర్వాత మడమ ఎముక పేరుతో మినహాయింపు. బైడెన్‌కి చదువు వాయిదాలు, తర్వాత ఆస్తమా. క్లింటన్ తిప్పలు పడి చివరికి ఎవర్ని ముందు పిలవాలో తేల్చే 1969 లాటరీలో పెద్ద నంబరు, 311, రావడంతో బయటపడ్డాడు. రెండు పార్టీల వాళ్ళూ ఉన్నారు, నేను ఏ ఒక్కర్నీ ఎత్తిచూపడం లేదు. కాలేజీ ఫీజు కట్టలేని ఇంటి పిల్లలే ఎక్కువగా వెళ్ళారు, నాకు అక్కడే కడుపు మండుతుంది. అందుకే 1969 డిసెంబరులో పుట్టినతేదీలు నీలం గొట్టాల్లో పెట్టి, గాజు జాడీలో వేసి టీవీలో అందరూ చూస్తుండగా తీశారు. మొదట వచ్చింది సెప్టెంబరు 14. ఆ రోజు పుట్టిన పిల్లల తల్లుల సంగతి ఒక్కసారి ఊహించుకోండి.

మాధవరం_మనవడు | ఆదివారం, ఉదయం 11:20

లక్ష్మి గారూ, ఈ విషయంలో మీతో నూటికి నూరుపాళ్ళు ఏకీభవిస్తాను. థియొడోర్ రూజ్‌వెల్ట్ వాళ్ళ నాన్న కూడా అంతర్యుద్ధంలో డబ్బిచ్చి మనిషిని పెట్టినవాడే. కొడుక్కి అది జీవితాంతం ముల్లులా గుచ్చుకుందని చెబుతారు. అందుకేనేమో 1898లో స్పెయిన్‌తో యుద్ధం రాగానే ఉద్యోగానికి రాజీనామా చేసి, సొంతంగా రెజిమెంటు కూడగట్టుకుని క్యూబా పోయాడు. ఆ పోరాటానికి మెడల్ ఆఫ్ ఆనర్ (ఇక్కడి అత్యున్నత సైనిక పతకం) 2001లో, ఆయన పోయిన ఎనభై ఏళ్ళ తర్వాత ఇచ్చారు. అధ్యక్షుల్లో అది దక్కింది ఆయనొక్కడికే.

కానీ నా మనసులో నిలిచిపోయింది ఆయన కొడుకులు. క్వెంటిన్ 1918 జులై 14న ఫ్రాన్స్‌లో విమానం కూలి పోయాడు. యుద్ధమంటే గొప్ప అని ఊరంతా చెప్పిన తండ్రి ఆర్నెల్లు తిరిగేసరికి తనూ పోయాడు. పెద్ద కొడుకు 56 ఏళ్ళ వయసులో, చేతికర్ర పట్టుకుని 1944 జూన్ 6న ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరాన యూటా బీచ్‌లో మొదటి విడతలోనే దిగాడు, నెల తర్వాత గుండె ఆగి పోయాడు. మీరు చెప్పిన "వాళ్ళింటి పిల్లలు" ఇదిగో.

పాత_పేజీలు | ఆదివారం, మధ్యాహ్నం 1:15

జూన్ 6 అన్నారు కాబట్టి ఐసెన్‌హోవర్ చీటీ గురించి చెప్పకుండా ఉండలేను. డాలస్ గారూ, అబ్బాయికి ఇది తప్పకుండా చెప్పండి, వీలైతే ఆ చీటీ ఫొటో చూపించండి.

ఆయన వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో చదివి, అంత పెద్ద జనరల్ అయి కూడా ఒక్కసారి ముందు వరసలో పోరాడినవాడు కాదు. మొదటి ప్రపంచ యుద్ధమప్పుడు దేశం దాటకుండా, 1918లో గెటిస్‌బర్గ్‌లో ట్యాంకుల వాళ్ళకి ట్రైనింగ్ ఇస్తూ ఉండిపోయాడు. నార్మండీ దాడికి ముందు రోజు సాయంత్రం విమానాలెక్కబోతున్న పారాట్రూపర్ల దగ్గరికి వెళ్ళాడు. మొహాలకి నల్లరంగు పూసుకుని నిలబడ్డ కుర్రాళ్ళతో నీదేవూరు, ఇంటి దగ్గరేం చేసేవాడివి అని మాట్లాడాడు. అదే రోజు పెన్సిల్‌తో నాలుగు వాక్యాల చీటీ రాసి పర్సులో పెట్టుకున్నాడు, దాడి విఫలమైతే ప్రకటించడానికి. సైనికులు చేయగలిగిందంతా చేశారు, తప్పంటూ ఉంటే అది నా ఒక్కడిదే అని దాని సారాంశం. కాగితం మీద కొట్టివేత కూడా కనబడుతుంది. మొదట "ఈ దాడి" అన్నట్టు రాసి, దాన్ని కొట్టేసి "దాడి చేయాలన్న నా నిర్ణయం" అన్నట్టు మార్చాడు. తేదీ కూడా జూన్ బదులు జులై 5 అని వేశాడు, ఆ మనిషి మీద ఎంత ఒత్తిడి ఉందో అక్కడే తెలిసిపోతుంది.

ఆయనే అధ్యక్షుడై 1953 జులైలో కొరియా యుద్ధం ఆపించాడు, 1954లో వియత్నాంలో ఫ్రెంచివాళ్ళ తరఫున దిగమంటే దిగలేదు, 1961 జనవరిలో దిగిపోతూ ఆయుధ కంపెనీలూ సైన్యమూ కలిసి పెంచుకునే పలుకుబడితో జాగ్రత్త అని హెచ్చరించి పోయాడు. సైన్యం తప్ప ఇంకోటి తెలియని మనిషి ఆ మాట అన్నాడు కాబట్టే దానికంత బరువు.

సీతంపేట_లక్ష్మి | ఆదివారం, మధ్యాహ్నం 2:05

పాత పేజీలు గారూ, ఆ కొట్టివేత సంగతి నాకిప్పుడే తెలిసింది. నా వాదన ఒక మెట్టు దిగుతున్నాను. అయినా రెండోవైపు కూడా బాబుకి చెప్పాలి. నిక్సన్ నేవీలో చేశాడు, జాన్సన్ కూడా నేవీ రిజర్వులో ఉన్నాడు, ఆ ఇద్దరి హయాంలోనే వియత్నాం అంత దూరం పోయింది. జాన్సన్‌కి ఒక్క విమాన ప్రయాణానికి సిల్వర్ స్టార్ అనే శౌర్య పతకం ఇచ్చారు, అదీ పరిశీలకుడిగా కూర్చుని వెళ్ళినందుకు. యూనిఫాం అందరికీ ఒకే పాఠం నేర్పదు.

సబ్‌మెరైన్_సత్యం | ఆదివారం, మధ్యాహ్నం 2:30

అది నిజమే అమ్మా. నేర్చుకునేవాడికి నేర్పుతుంది. ట్రూమన్‌ని చూడండి. కళ్ళు సరిగ్గా కనపడవు, పరీక్షలో బోర్డు మీద అక్షరాలు ముందే బట్టీపట్టి పాసయ్యాడు. 1918లో ఫ్రాన్స్‌లో ఫిరంగి దళం కెప్టెన్. 1946లో ఐజాక్ వుడర్డ్ అనే నల్లజాతి సైనికుడు యుద్ధం నుంచి యూనిఫాంలోనే ఇంటికొస్తుంటే సౌత్ కరోలినాలో పోలీసులు బస్సులోంచి దింపి కొట్టి రెండు కళ్ళూ పోగొట్టారు. ఆ సంగతి విని ట్రూమన్ చలించిపోయాడు. 1948 జులై 26న సైన్యంలో జాతి వివక్ష ఉండకూడదని ఉత్తర్వు ఇచ్చాడు, ఎన్నికల ఏడాది అని కూడా చూసుకోలేదు. తనలాగే యుద్ధం చేసొచ్చిన మనిషికి జరిగిన అవమానంలాగా తీసుకున్నాడని నేననుకుంటాను.

కృష్ణలంక_కుర్రోడు | ఆదివారం, సాయంత్రం 4:00

ఇప్పటి ఉపాధ్యక్షుడు వాన్స్ మెరీన్స్‌లో చేశారు కదా? మన ఉష చిలుకూరి గారి భర్త.

పాత_పేజీలు | ఆదివారం, సాయంత్రం 4:40

అవును తమ్ముడూ, 2003 నుంచి 2007 దాకా. ఇరాక్ కూడా వెళ్ళారు, అక్కడ పని వార్తా విభాగంలో. మెరీన్స్ నుంచి ఇంతవరకూ ఎవరూ అధ్యక్షులు కాలేదు. ఇరాక్, అఫ్గానిస్తాన్ వెళ్ళొచ్చిన తరం ఇప్పుడు రెండు పార్టీల్లోనూ పైకొస్తోంది. ఈ దేశంలో ఇప్పుడు పూర్తికాలం సైన్యంలో ఉన్నది జనాభాలో ఒక్క శాతం కన్నా తక్కువ, దాదాపు 13 లక్షల మంది. మిగతా ఇళ్ళకి ఆ బాధ టీవీలో తప్ప తెలీదు.

డాలస్_నాన్న | ఆదివారం, రాత్రి 9:55

అందరికీ చేతులెత్తి దండం. మధ్యాహ్నం నుంచి మావాడూ నేనూ పక్కపక్కన కూర్చుని ఇవన్నీ చదివాం. వాడు తెలుగు చదవలేడు కాబట్టి నేను చదివి వినిపించాను. మాధవరం గారి తాతగారి దగ్గర నాకు గొంతు పట్టేసి కాసేపు ఆగాల్సి వచ్చింది. లక్ష్మి గారి డ్రాఫ్ట్ సవరణ మా ఆవిడకి మొదట చెప్పాను, ఫ్రిజ్ మీద కవరు తనే తీసిచ్చింది. వాడు ఆన్‌లైన్‌లో ఫారం నింపేశాడు, ఐదు నిమిషాల పని.

ఐసెన్‌హోవర్ చీటీ ఫొటో వెతికి చూశాం. కొట్టివేత దగ్గర వేలు పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత "డెలానీ, వైట్‌ల వయసెంత?" అని అడిగాడు, చెప్పలేకపోయాను.

వేసవిలో అంతర్యుద్ధం జరిగిన గెటిస్‌బర్గ్, ఆంటీటమ్ రెండూ చూడాలంటున్నాడు. లక్ష్మి గారూ, మీరుండేది మేరీలాండ్‌లో ఫ్రెడరిక్ అని ఎప్పుడో అన్నట్టు గుర్తు. ఆంటీటమ్ మీకు దగ్గరే కదా, పిల్లలతో వెళ్తే అక్కడ ఏం చూడొచ్చు?

సీతంపేట_లక్ష్మి | ఆదివారం, రాత్రి 10:20

దగ్గరేనండీ, కారులో ముప్పావు గంట లోపే. తప్పకుండా రండి, మా ఇంట్లోనే దిగండి. 1862 సెప్టెంబరు 17న ఆ ఒక్క రోజులో దాదాపు 23,000 మంది చనిపోవడమో గాయపడటమో గల్లంతవడమో జరిగింది. బర్న్‌సైడ్ వంతెన దగ్గరికి బాబుని తీసుకెళ్ళండి. అక్కడ మెకిన్లీ స్మారకం ఒకటుంది. ఆ రోజు ఆయనకి 19 ఏళ్ళు, ఒహాయో రెజిమెంటులో సరుకులు చూసుకునే సార్జెంటు. గుండ్లు పడుతున్నా లెక్కచేయకుండా పొద్దుటినుంచీ తిండిలేని తనవాళ్ళ దగ్గరికి బండి తోలుకుపోయి వేడి కాఫీ, అన్నపానాలు అందించాడు. రాయి మీద ఆ బొమ్మే చెక్కారు, కాఫీ పోస్తున్నట్టు. అమెరికాలో చాలా యుద్ధ స్మారకాలు చూశాను గానీ నేను కాసేపు కూర్చుండిపోయింది దాని దగ్గరే. పొద్దున్నే ఎనిమిదింటికల్లా బయల్దేరితే ఎండ ముదరకముందే వంతెన దాకా నడిచి రావచ్చు. ఇడ్లీ, ఫ్లాస్కులో కాఫీ నేను కడతాను.